కుడికాలి కొలత

పన్నెండింటికి వస్తామన్నారు. నలుగురు మనుషులు ఈ ప్లాస్టిక్ కుర్చీతోనే నాయన్ని ఎత్తుకుని సంఘ వార్షికోత్సవానికి తీసుకుపోతారట, అమ్మ తలమీద చెంగు సర్దుకుంటూ చెప్పి వెళ్ళింది. గడియారం పదకొండూ అయిదు చూపిస్తోంది, కానీ అది పది నిమిషాలు ముందు నడుస్తుంది, ఫ్యాక్టరీకి ఆలస్యం కాకూడదని నాయన ఎప్పుడో తిప్పిపెట్టింది, ఆయన రిటైరై మూడేళ్ళయినా ఎవరూ వెనక్కి తిప్పలేదు, కాబట్టి ఇంకా గంట పైనే ఉంది నాకు. ఒళ్ళో స్ప్లింటు ఉంది, మోకాలి కింద నుంచి కాలివేళ్ళ దాకా వచ్చే తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, మూడు పట్టీలు, నేనే చేశాను. ఎదురుగా నాయన, నాయన కుడికాలు. పక్షవాతం వచ్చి ఏడు వారాలైంది, పాదం వాలిపోయి వేళ్ళు నేలను చూస్తున్నాయి. ఇంకో పదిహేను రోజులు ఇట్లాగే వదిలేస్తే మడమ వెనక నరం బిగుసుకుపోతుంది, ఇక ఆ పాదం నేలమీద చదునుగా ఆనదు, ఈ మనిషి లేచి నడవడు. ఇది నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు, యశవంతపురంలో కాళ్ళకు ఊతాలు చేసే వర్క్‌షాపులో ఎనిమిదేళ్ళుగా అదే నా పని. జానెడు దూరంలో ఉంది కాలు. ఇవ్వడు. మూడు వారాలుగా ఒకటే మాట, ఇది దేవుడు పెట్టిన చెయ్యి, దీన్ని నేను విదిలించుకోకూడదు. మొదట బతిమాలాను, తరవాత అరిచాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇవాళ ఏమీ అనకుండా కూర్చుందామనుకున్నాను. ఏమీ అనకుండా కూర్చోవడం నాకు అంత బాగా చేతకాదు.

ఆదివారం మేముండే పీణ్యలో మిషన్లు ఆగిపోతాయి, మిగతా ఆరు రోజులూ ఇనుము కోసే చప్పుడు కింద పూడుకుపోయిన చప్పుళ్ళన్నీ ఆ ఒక్క పూట బయటికొస్తాయి, ఎదురింటి కుక్కరు, బోరింగు పంపు, రెండు వీధుల అవతల రేకుల షెడ్డులో మా తెలుగు సంఘం మైకు. పాట అయిపోయింది. ఎవరో సాక్ష్యం చెప్తున్నారు, ఒక వాక్యం తెలుగులో, అదే వాక్యం కన్నడలో, మా సంఘంలో పాపం కూడా రెండుసార్లు ఒప్పుకోవాలి. నాయన తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. ఏడాదికొకసారి, వార్షికోత్సవం రోజు, అందరికంటే ఆఖరున సాక్ష్యం చెప్పేది నాయనే, అది అయ్యాకే భోజనాలు. బ్రదర్ ఆదినారాయణప్ప. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమంటే ఫ్యాక్టరీ రిజిస్టరులో తకరారవుతుందని ఒప్పుకోలేదు, మైకులో ఆ పేరు పిలిస్తే కొత్తవాళ్ళు ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. ఈసారి ఆయన కుర్చీలో మోయబడి వస్తాడు, దేవుడు నన్ను రెండోసారి కొట్టాడని చెప్తాడు, నత్తిగా, నెమ్మదిగా, అందరూ ఏడుస్తారు. తరవాత నన్ను పిలుస్తాడు. ఎప్పుడూ పిలుస్తాడు.

నాకు పదకొండేళ్ళున్నప్పటి వార్షికోత్సవం బాగా గుర్తుంది, అంతకుముందువి అన్నీ కలిసి ఒకటే అయిపోయాయి. చాపల మీద ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యలో సన్నటి దారి. నాయన మైకు రెండు చేతులతో పట్టుకుని చెప్పేవాడు. "రెండేండ్ల బిడ్డ. పోలియో మందు మూడుతూర్లూ ఏయించినా, కార్డు ఇప్పుటికీ ఇంట్లో ఉండాది. అయినా జరమొచ్చె, కాలు పాయె. డాక్టరుకు తెలీలేదు ఎందుకో. నాకు తెలుసు. రేసుకోర్సులో గుర్రాల కాళ్ళు చూసుకుంటా తిరిగేవాణ్ణి నేను. దేవుడు నా బిడ్డ కాలు తీసి నా మెడ పట్టుకున్నాడు." అప్పుడు ఒక్క నిమిషం ఆగేవాడు. "అనసూయా, ఇట్ల రా తల్లీ." నేను లేచేదాన్ని, కాలికి కట్టిన క్యాలిపర్ ఇనుప కడ్డీలకు మోకాలి దగ్గర తాళం బిగించుకుని, ఆ సన్నటి దారిలో ముందుకు నడిచేదాన్ని, అంత జనంలోనూ నా అడుగుల చప్పుడొక్కటే వినపడేది, నేను నాయన పక్కకు చేరేలోపు సగం మంది ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఒకావిడ, పేరు తెలియదు, వంగి నా క్యాలిపర్ని ముట్టుకుని ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. గర్వంగా ఉండేది, అబద్ధమెందుకు. క్లాసులో కుంటిదాన్ని, ఇక్కడ దేవుడి పనికి సాక్షిని. నాయనకు నేనంటే ప్రాణమని అందరికీ తెలిసేది ఆ ఒక్క రోజే, భుజం మీద చెయ్యి వేసేవాడు. మళ్ళీ ఏడాది దాకా ఆ చెయ్యి నా భుజం మీద పడేది కాదు. ఇంట్లో నాయన నా కాలివైపు చూసేవాడు కాదు. నేను మేజోడు తొడుక్కుంటుంటే లేచి బయటికెళ్ళిపోయేవాడు. నేనది ప్రేమ ఎక్కువై అనుకున్నాను.

గర్వం సంగతి సరే, రాత్రి పడుకున్నాక లెక్క మొదలయ్యేది. నాయన్ని పట్టుకోవడానికి దేవుడు నా కాలు తీసుకున్నాడు, మంచిది, నాయన దొరికాడు. మరి నన్ను పట్టుకోవాలంటే ఎవరి కాలు తీసుకుంటాడు? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు, నా ఊహలో దేవుడు ఎప్పుడూ ఓపికగా కాచుకుని కూర్చున్న పిల్లే, తోక కూడా ఊపని పిల్లి. పైగా మా పాస్టరు అయ్యగారు ప్రతి నెలా ఒకసారైనా అనేవారు, దేవుడికంటే దేన్నైనా ఎక్కువ ప్రేమించావా, ఆయన దాన్ని నీ దగ్గర ఉంచడు. నేను దాన్ని చట్టంలాగా పట్టుకున్నాను. ఒక పెట్టకోడిని పెంచాను, అది నా వెంటే తిరుగుతుంటే భయమేసి దొడ్డబళ్ళాపురంలో మగ్గాల పని చేసే మామయ్య వాళ్ళింటికి పంపేశాను. అమ్మ చీర మొహంమీద కప్పుకుని పడుకుంటే ఎంత హాయిగా ఉండేదో, అది తెలిసిపోతుందేమోనని అదీ మానేశాను. ప్రార్థనలో ఏదీ అడిగేదాన్ని కాదు. అడిగితే నాకేది ఇష్టమో ఆయనకు తెలిసిపోతుంది కదా. ఎంత పిచ్చిదాన్ని, అన్నీ తెలిసినవాడు అంటూనే ఆయన దగ్గర దాచేదాన్ని. అయినా లోపల ఒక కోరిక ఉండేది, అది ఎన్నిసార్లు తొక్కినా లేచేది, ఎవరూ లేనప్పుడు ఆయన ఊరికే వచ్చి పక్కన కూర్చుంటే బాగుండునని, ఏమీ పట్టుకుపోవడానికి కాకుండా, నేర్పడానికి కాకుండా, ఊరికే. దగ్గరికి రావాలని ఆశ, వస్తే ఏం తీసుకుపోతాడోనని గుబులు. ఇరవై ఏళ్ళు ఆ రెంటి మధ్యే తిరిగాను.

ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. మైకు కూడా ఆగిపోయింది, జనరేటరు వేసేదాకా కాస్త నిశ్శబ్దం. నాయన నుదుటిమీద చెమట, కుడిచెయ్యి లేవదు, ఎడమచేత్తో తుడుచుకున్నాడు. తువ్వాలు అందిద్దామనుకున్నాను, అందించలేదు.

చిక్కపేటలో కరెంటు పోయినప్పుడు అంగళ్ళవాళ్ళందరూ ఒక్కసారి వీధిలోకి వచ్చి నిలబడేవాళ్ళు. వర్క్‌షాపుకు కావలసిన రివెట్లు, బకిల్సు, తోలు పట్టీలు అక్కడే కొనేది, ప్రతి మంగళవారం నేనే వెళ్ళేదాన్ని, తోపుడుబండ్ల మధ్య నుంచి, మూటలు మోసే హమాలీల మధ్య నుంచి, ఎవడు గుద్దితే ఎటు పడతానో అని గోడ పట్టుకుని. ఆ హోల్‌సేల్ అంగడిలో గుమాస్తా వంశీ, అనంతపురం వైపు అబ్బాయి. నేను మూడోసారి వెళ్ళేసరికి గడప పక్కన ఒక స్టూలు ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, కూర్చోండి అని కూడా అనలేదు, అది మంగళవారం మాత్రమే ఉండేదని చాలా రోజుల తరవాత పక్క అంగడి ఆయన చెప్తే తెలిసింది. రెండేళ్ళు. టీ తెప్పించేవాడు, బకిల్సు ఒక్కోటీ వేసి తీసి చూసి మంచివే ఏరి ఇచ్చేవాడు, ఇవి పిల్లోళ్ళ కాళ్ళకు కదండీ అనేవాడు. ఒక మంగళవారం అన్నాడు, "వచ్చే నెల మా అమ్మ వస్తాదండి ఊరినుంచి. మీ ఇంటికి పిల్చుకురానా?" నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ చప్పుడు పైన దేవుడికి వినపడి ఉంటుందనే నాకు భయమేసింది. వెంటనే అన్నాను, మా నాయన ఒప్పుకోడు. నాయన్ని అడిగింది లేదు, పెట్టింది లేదు. నిజం ఏమిటంటే, ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు నాకు దేవుడు గుర్తొచ్చేవాడు కాదు, వారం మొత్తంలో ఆయన గుర్తురాని గంట అదొక్కటే, కాబట్టి చట్టం ప్రకారం వంశీకి ఏదో అవుతుంది, ఏ లారీ కిందో, ఏ జ్వరంలోనో. వద్దన్నాను కాబట్టి ఏమీ కాలేదు. హోసూరులో సొంతంగా అంగడి పెట్టుకున్నాడని విన్నాను, ఒక పాప అట. బాగున్నాడు. నేను కోరుకున్నది అదే కదా. మరి ఇప్పటికీ మంగళవారం పొద్దున్న తల దువ్వుకుంటూ చెయ్యి ఎందుకు ఆగుతుందో.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అంటుంది. నేను అడుసూ తొక్కలేదు, కాలూ కడగలేదు, ఒడ్డునే నిలబడిపోయాను.

ఆ తరవాత ఏడాదికి అనుకుంటాను, నాలో ఏదో కదిలింది, అది ప్రార్థన కూటంలో కాదు, వర్క్‌షాపులో. మా మేస్త్రి మస్తాన్, అరవై ఏళ్ళుంటాయి, నాకు పని నేర్పింది ఆయనే. తడి ప్లాస్టరు కట్టు పిల్లల కాలికి చుట్టే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేవాడు, చల్లటి చేత్తో ముడితే బిడ్డ కాలు ఎనక్కి లాక్కుంటాది, మల్లా ఆ కాలు నిన్ను నమ్మదు అనేవాడు. గోడ పొడుగునా చెక్కల మీద ప్లాస్టరు కాళ్ళ అచ్చులు ఉంటాయి, చిన్నవీ పెద్దవీ, పెన్సిలుతో పేరు, తేదీ, ఎడమా కుడీ. ఒక తల్లి తుమకూరు అవతల నుంచి మూడేళ్ళ కొడుకును ఎత్తుకొచ్చింది, కూర్చోకముందే ఏడుస్తూ అడిగింది, "యా పాపానికి సార్ నా కొడుక్కు ఇట్లాయె?" నేను పెన్సిలు ఆపేశాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, మైకులో కంఠతా విన్నదాన్ని. మస్తాన్ చేతులు రుద్దుకుంటూనే అన్నాడు, "నీళ్ళలో పురుగమ్మా అది. పురుక్కి పాపమూ తెల్దు, పుణ్యమూ తెల్దు. కాలు చూపీ." అంతే. ఆ పిల్లాడి పాదం ఆయన చేతిలో చిక్కిపోయిన ముల్లంగిలా ఉంది, వాడు కాలు వెనక్కి లాక్కోలేదు, ఆయన టోపీ వైపు చూసి నవ్వాడు.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, మేస్త్రి మాట వదల్లేదు. పురుగే అయితే, దేవుడు తీయలేదు. దేవుడు తీయకపోతే, ఆ రోజు ఆయన ఎక్కడున్నాడు? నాకు జ్వరం కాలిపోతున్న రాత్రి, అమ్మ తడిగుడ్డ వేస్తున్న రాత్రి. ఒకవేళ అమ్మ పక్కనే ఉన్నాడేమో, ఆమెలాగే ఏం చేయాలో తోచనట్టు, నా కాలు ఒళ్ళో పెట్టుకుని. ఆ బొమ్మ ఒక్క క్షణం కనపడింది, అది నిజమైతే ఎంత బాగుండునని ఎంత ఆశ పుట్టిందంటే నమ్మడానికి ధైర్యం చాలలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయాను. అప్పటినుంచీ అట్లాగే ఉన్నాను, ఒక రోజు నమ్ముతాను, రెండు రోజులు నమ్మను. ఒక రోజు నాకు ఇష్టమైనవి ఆయనకు చెప్తాను, మర్నాడు నాలుక కరుచుకుంటాను. పూర్తిగా నమ్మాలంటే ఒకటే అడ్డం. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి. నేను నమ్మితే నాయన అబద్ధమైపోతాడు, నాయన సాక్ష్యం అబద్ధమైపోతుంది, మందు మూడుసార్లూ వేయించినా అని మైకులో చెప్పి చాపిన ఆ చెయ్యి అబద్ధమైపోతుంది. నా భుజం మీద పడ్డ చెయ్యి అదొక్కటే.

మైకు మళ్ళీ గురగురలాడింది. అయ్యగారి గొంతు, "మన బ్రదర్ ఆదినారాయణప్ప గారు ఇంకా కాసేపట్లో మన మధ్యకు వస్తున్నారు. దేవుడు తన బిడ్డను రెండోసారి దర్శించిన సంగతి ఆయన నోటనే విందాం." అదే మాట కన్నడలో. నాయన కళ్ళు మూసుకున్నాడు. దర్శించాడట. మనుషులు ఎంత మెత్తటి మాటలు కనిపెడతారో.

"ఈతూరి నన్ను పిలవద్దు నాయినా," అన్నాను. "నేను ముందుకు రాను."

కళ్ళు తెరవలేదు. పెదవి ఒక పక్కకే కదులుతుంది, మాట ముద్దముద్దగా వస్తుంది, ఒక్కో మాటకూ ఆగాలి. "అనూ. నీది ఏ కాలు?"

"ఏం మాట నాయినా అది. కుడిది."

"నాది?"

నేను స్ప్లింటు పట్టీ విప్పి మళ్ళీ బిగించాను.

"చూస్తివా. సరిగ్గా కొలిచి కొట్టినాడు. అదే కాలు. నువ్వేమో ప్లాస్టిక్ తెచ్చి దానికి అడ్డం పెడతానంటావు."

"దేనికి కొట్టేది? ఇరవై అయిదేండ్లుగా ఆయన పాటే పాడితివి కదా. ఇంకేం బాకీ ఉండావు?"

ఎదురింటి కుక్కరు మూడు కూతలు కూసింది. నాయన కళ్ళు తెరిచి నన్ను కాదు, నా కాలిని చూశాడు, పావడా కింద కనపడే ఇనుప కడ్డీని, నా ఎరుకలో మొదటిసారి.

"మూడో తూరి మందు నేను ఏయించలేదు."

చెప్పుకుంటూ పోయాడు. మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటూ, లాలాజలం మింగుతూ. "మీ అవ్వకు బాగలేదని మీ అమ్మ దొడ్డబళ్ళాపురం పోయుండె. నిన్నెత్తుకోని ఆస్పత్రికి పోతిని. లైను రోడ్డు దంకా ఉండె. శనివారం. రెండున్నరకు రేసు. సుమ్నే ఊరికే అర్ధగంట నిల్చుంటిని, మల్లా వచ్చి నిన్ను పక్కింటామె చేతికిచ్చి పోతిని. మల్లొక దినం ఏయిద్దామనుకుంటిని. మీ అమ్మ వచ్చి అడిగితే, కార్డుమీద నేనే గీత గీసి చూపిస్తిని. మల్లా ఏడాదికి నీకు జరమొచ్చె. అయ్యగారు ఆస్పత్రికొచ్చి, ఇది దేవుడి పని అనె. నేను... పట్టుకుంటిని ఆ మాట. గట్టిగా పట్టుకుంటిని."

"గెలిస్తివా?" అన్నాను.

"ఏంది?"

"ఆ దినం. రేసు."

నాయన తల ఊపాడు. "గెలిచినా. నీకు గౌను తెచ్చినా. ఎర్రది."

ఆ గౌను నాకు తెలుసు. ఈ ఇంట్లో నేను రెండు కాళ్ళమీద నిలబడిన ఫోటో ఒక్కటే ఉంది, ఆ గౌనులోనే, స్టూడియోలో, ఒక చెయ్యి కుర్చీ మీద పెట్టి, పక్కకు చూస్తూ నవ్వుతూ. చిన్నప్పుడు ఆ ఫోటో తీసి చూసుకునేదాన్ని, ఆ కుడికాలిని వేలితో తాకేదాన్ని. లేచి వెళ్ళిపోవాలనిపించింది. నాకు లేవడం కూడా అంత సులువైన పని కాదు, తాళం బిగించుకోవాలి, గోడ పట్టుకోవాలి, కోపంతో దిగ్గున లేచి విసవిసా వెళ్ళిపోయే భాగ్యం కూడా ఈయన తీసేశాడు, ఈయన, దేవుడు కాదు, ఈయన. ఇరవై మూడు వార్షికోత్సవాలు. ప్రతిసారీ మైకు పట్టుకుని నేరం మొత్తం తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టాడు, తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి, సాక్ష్యానికి నన్ను నడిపించాడు, నేను నడిచాను, జనం ఏడ్చారు, దేవుడు... ఆయన ఒక్కసారైనా, అది నేను కాదు అనలేదు.

ఈ మాట తట్టగానే లోపల అంతా ఆగిపోయింది. అనలేదు. నేనైతే లేచి అరిచేదాన్ని, కార్డు తెప్పించేదాన్ని, గీత ఎవరిదో తేల్చేదాన్ని. ఆయన ఊరుకున్నాడు. ఒక రెండేళ్ళ పిల్ల కాలు విరిచాడని తన ఇంట్లోనే తన ముందే చెప్తుంటే, సరే, నాది అనుకో, అన్నట్టు ఊరుకున్నాడు. నిజం మోయలేక ఎక్కడో ఉరేసుకోవలసిన నాయన, ఆ బరువు ఆయన మీద దించేసి, మళ్ళీ మిషను దగ్గరకు పోయాడు, రేసులు మానాడు, మమ్మల్ని పోషించాడు. నేను ఇన్నేళ్ళు భయపడింది ఎవరికి? పిల్లికా? అక్కడ పిల్లి లేదు. నింద మోస్తూ కూర్చున్నవాడు ఉన్నాడు, నేను దగ్గరికి రాకుండా గోడ పక్కకు ఒత్తిగిలితే చూస్తూ ఉన్నవాడు, నా కోడి సంగతి, అమ్మ చీర సంగతి, మంగళవారం సంగతి అన్నీ తెలిసి ఒక్కటీ ముట్టుకోనివాడు. వంశీని ఆయన తీసుకుపోలేదు. నేను పంపేశాను. పంపేసి, మా నాయన ఒప్పుకోడు అన్నాను, నా భయాన్ని నాయన నెత్తిన పెట్టాను, నాయన తన తప్పు దేవుడి నెత్తిన పెట్టినట్టే. తండ్రికి తగ్గ కూతుర్ని. ఏడుపొచ్చింది, పెద్దగానే ఏడ్చాను, కాలి గురించి కాదు, అది పోయి చాలాకాలమైంది. ఎదురుచూసిన వాడు ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్నాడే అని, మాట్లాడకుండానే ఇంతకాలం గడిపేశానే అని.

నాయన కూడా ఏడుస్తున్నాడు, ఒక కంటి నీళ్ళే తుడుచుకోగలుగుతున్నాడు. ఇంకొక మాట నాకు తెలుసు, మూడో మోతాదు పడినా జబ్బు వచ్చి ఉండొచ్చు, మూడు గీతలూ నిజంగా ఉన్న కార్డులు వర్క్‌షాపులో నేను చూశాను. చెప్తే ఈయన గుండె కొంచెం తేలికవుతుంది. చెప్తాను. ఇవాళ కాదు. ఇవాళ నాకు చేతకాదు, రేపో ఎల్లుండో చెప్తాను.

"కొలిచి కొట్టినాడంటివే," అన్నాను ముక్కు తుడుచుకుని. "కొలతలు తీసేది నేను నాయినా, ఆయన కాదు. నీ పాదం పదంగుళాలు, నాది ఏడున్నర. నీ పిక్క పదమూడు, నాది ఎనిమిది. ఒకదానికొకటి యాడా సరిపోలేదు."

"నువ్వెప్పుడు తీస్తివి?"

"నువ్వు నిద్రపోతా ఉంటే. పక్షవాతమొచ్చినప్పట్నుంచి చచ్చినట్టు నిద్రపోతావు."

మొహంలో ఒక పక్క నవ్వు లాంటిది వచ్చి పోయింది. వీధి చివర మనుషుల మాటలు వినపడ్డాయి, నలుగురైదుగురు, ఎవరో నవ్వుతున్నారు. నాయనకూ వినపడ్డాయి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వాళ్ళొస్తారు, అనూ."

"రానీ. స్వల్ప తాళమందాం, రవ్వంత సేపు ఆగమందాం."

"నేను ఏం చెప్పేది వాళ్ళకి?"

"నాకు తెల్దు నాయినా."

ఆయన నా ఒళ్ళో ఉన్న స్ప్లింటు వైపు చూశాడు, తరవాత మళ్ళీ నా కాలివైపు. ఈసారి చూపు తిప్పుకోలేదు. అడగడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆ పెదవి చూస్తే తెలుస్తుంది, రెండుసార్లు కదిలి ఆగిపోయింది, మూడోసారి మాట వచ్చింది.

"నామీద కోపం లేదంటావా... ఆయనకి?"

"నాకుండాది నాయినా," అన్నాను. "శానా ఉండాది. ఆయనకి లేదు."

నాయన ఎడమచేతిని కుడి మోకాలి కిందకి పోనిచ్చి, ఆ కాలిని కొంచెం కొంచెంగా నా వైపు జరిపాడు.